లాతాయి వదిన విన్న ఉపన్యాసం

మా ఆయనకు ఒక్కతే అక్క. పేరు లాతాయి. నేను హాపై దీవుల నుంచి ఈ వవావు దీవికి కోడలిగా వచ్చి పడవ దిగిన రోజున, ఒడ్డున నిలబడి నన్ను ఎగాదిగా చూసి, "గాలేస్తే ఎగిరిపోయేట్టుంది, ఏం పని చేస్తదో ఏమో" అన్నది ఆవిడే. ఆ మాట నేను మరచిపోలేదు. మరచిపోయానని మాత్రం అందరితో చెబుతాను.

టోంగాలో ఆడపడుచు అంటే ఏమిటో కోడళ్ళను అడగాలి. పెళ్ళయిన మొదటి ఏడంతా నడుం పడిపోయేలా కూర్చుని ఓ సన్నచాప అల్లాను. మా పెద్దదాని మొదటి పుట్టినరోజున వదిన దాన్ని మడిచి చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆవిడ అడగలేదు, ఎవరూ ఇవ్వలేదు. తమ్ముడి ఇంట్లో ఏది నచ్చినా అక్కది. పంది కావాలంటే పందిని తోలుకుపోతుంది. మా పెద్దదానికి మా అమ్మ పేరు పెట్టుకోవాలని కడుపుతో ఉన్నప్పటి నుంచీ అనుకున్నాను. వదిన వచ్చి, పిల్లను ఒళ్ళో వేసుకుని, తనకు నచ్చిన పేరు పెట్టేసి, కొబ్బరి బోండాం కొట్టించుకుని తాగింది. మా ఆయన విలిసోని బళ్ళో అంతమంది పిల్లల్ని గదమాయించే మాస్టరు. అక్క ముందు మాత్రం నోట్లో నాలుక లేనట్టే ఉంటాడు.

ఇది భయం కాదు. మా దగ్గర అక్కాతమ్ముళ్ళ మధ్య మర్యాద అలాంటిది. మీసాలు రాకముందే మగపిల్లవాడు ఇల్లు వదిలి పెరట్లో గుడిసెలోకి పోయి పడుకోవాలి, ఇంట్లో ఎదిగిన అక్కచెల్లెళ్ళు ఉంటారు కనక. వాళ్ళున్న చోట సరసం మాట రాకూడదు. మొగుడూ పెళ్ళాల సంగతి, కడుపులూ కాన్పుల సంగతి ఎత్తకూడదు. చర్చి హాల్లో సినిమా వేస్తే, తెర మీద ఇద్దరు దగ్గరగా జరిగారంటే చాలు, చీకట్లో ఎవరో ఒకరు లేచి బయటికి వెళతారు. పినతల్లి పిల్లలూ మేనమామ పిల్లలూ కూడా అన్నదమ్ముల లెక్కే కాబట్టి, ఒక్కోసారి సగం హాలు ఖాళీ అవుతుంది.

వదినకు పెళ్ళి కాలేదు. ఒకరిద్దరు అడిగారట. ఒకడు పీతలా నడుస్తాడంది, ఇంకొకడు చర్చిలో పాట తప్పుతాడంది. ఈలోగా మామగారు మంచాన పడ్డారు. ఆయన్ను చూసుకోవడంలో ఏళ్ళు గడిచిపోయాయి. నేను వచ్చేసరికే ఆవిడ జుట్టు సగం నెరిసింది. మనిషి భారీ. ఒడ్డు మీద నాలుగడుగులు వేస్తే ఆయాసపడేది. నీళ్ళలో దిగితే మాత్రం ఆవిడంత తేలిగ్గా ఈదేవాళ్ళు ఈ దీవిలో లేరు. ఆటుపోట్లు చూసుకుని ఆడవాళ్ళను వెంటేసుకుని పగడపు దిబ్బల మీదికి వెళ్ళి, గవ్వలూ పీతలూ ఏరుకొచ్చేది.

ఆవిడ మనసంతా వాసువాల మీద. అవి ఆల్చిప్పలే గానీ, ఒక్కోటి పెద్ద గంపంత ఉంటుంది. మూత తెరిస్తే లోపల నీలం, పచ్చ, ఊదా రంగుల్లో పట్టుబట్ట పరిచినట్టుంటుంది. తన చిన్నప్పుడు ఊరి ముందు నీళ్ళలో కాలు పెడితే చాలు, వాసువా తగిలేదట. తర్వాత పట్నం నుంచి గాలిగొట్టాలు పెట్టుకుని మునిగేవాళ్ళు వచ్చి, ఉన్నవన్నీ కోసి బజారుకు తరలించేశారు. ఒక ఏడాది వదిన పొద్దుట్నుంచి సాయంత్రం దాకా మునిగి ఒక్కటీ కనబడక ఖాళీ బుట్టతో వచ్చిందట. ఆ రోజు అన్నం తినలేదని మా ఆయన చెప్పాడు.

అప్పుడు పట్టింది ఆవిడకు పట్టుదల. ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళను కూడగట్టింది. దూరపు దిబ్బల మీద మిగిలిన ఒకటీ అరా వాసువాలను వెతికి, పడవల్లో మోసుకొచ్చి, ఊరి ముందు లోతు తక్కువ చోట పెట్టించింది. వాటిని ఎవరూ ముట్టకూడదని ఫోనోలో, అంటే మా ఊరి సభలో, ఒప్పించింది. మా దగ్గర ప్రతి మగవాడికీ ఇల్లు కట్టుకోను ఊళ్ళో చోటు, కంద పెంచుకోను కొండ మీద మడి ఉండాలి. అది లేనివాడు మనిషి కింద లెక్క కాదు. వదిన వాసువాలకూ అదే న్యాయం చేసింది. ఒక్కోదానికి విశాలంగా చోటు కొలిచి, చుట్టూ తెల్ల రాళ్ళు పేర్చి హద్దు పెట్టింది. ఒకదాని ఇంటికీ ఇంకోదాని ఇంటికీ మధ్య పడవ పోయేంత దారి. వదిన వాసువాలకు పట్టాలు ఇస్తోందని మగవాళ్ళు నవ్వారు. చూడ్డానికి మాత్రం ముచ్చటగా ఉండేది. నీళ్ళు తేటగా ఉన్న రోజు పైనుంచి చూస్తే పొందికైన ఊరే అది.

ఏళ్ళు గడిచాయి. పెద్దవి ఇంకా పెద్దవయ్యాయి గానీ, పిల్ల అన్నది ఒక్కటీ కనబడలేదు. వదిన మొహం నీళ్ళలో పెట్టి గంటల తరబడి రాళ్ళ సందుల్లో వెతికేది. మా ఊరి పెద్ద హావేయా నోటికి హద్దు లేదు. ఒక సాయంత్రం మగవాళ్ళంతా కావా, అదే మా మత్తువేళ్ళ కషాయం, తాగుతూ కూర్చున్నప్పుడు, "గొడ్డు వాసువాలు, వాటికి గొడ్డు కాపలా" అన్నాడట. అలాంటి మాట కాళ్ళు లేకుండానే నడిచి వస్తుంది. వదిన విన్నది. మర్నాడు కూడా మామూలుగానే పడవ తోసుకుని వెళ్ళింది. ఆవిడంటే నాకెంత కడుపుమంట ఉన్నా, ఆ రోజు హావేయా కనబడితే చీపురు తిరగేద్దామనుకున్నాను.

ఆ ఏడు నవంబరులో మా చర్చికి నూరేళ్ళ పండగ. చుట్టుపక్కల దీవులన్నీ వస్తాయి. విందులో ఏం పెట్టాలన్న మాట వచ్చినప్పుడు హావేయా వాసువాల మీద కన్నేశాడు. ఎలాగూ పిల్లలు పెట్టడం లేదు, ముసలివై చచ్చేలోగా దేవుడి విందులోకి వస్తే వాటికీ పుణ్యమే కదా అన్నాడు. పండగ కమిటీ తలూపింది. కమిటీ కార్యదర్శి మా ఆయనే. సోమవారం ఫోనోలో తేలుద్దామన్నారు.

ఆ వారమే నెయాఫు పట్నానికి డాక్టర్ ఈడిత్ రాసన్ వచ్చిందని రేడియోలో చెప్పారు. ఆస్ట్రేలియా ఆవిడ. వాసువాల గురించి లోకంలో ఆవిడకు తెలిసినంత ఎవరికీ తెలియదట. ఊరూరా ఆవిడ మాట వినడానికి హాళ్ళు నిండిపోతాయట. వదిన ఓ బుట్టెడు కందగడ్డలు నెత్తిన పెట్టుకుని పడవెక్కి నెయాఫు వెళ్ళి, మత్స్యశాఖ ఆఫీసు మెట్ల మీద కూర్చుంది. ఇంగ్లీషు ముక్క రాదు. డాక్టరమ్మ బయటికి రాగానే బుట్ట కాళ్ళ దగ్గర పెట్టి, ఆవిడ చెయ్యి పట్టుకుని వదల్లేదట. ఆఫీసువాళ్ళు సంగతి విప్పి చెప్పాక, శనివారం తిరుగు ప్రయాణంలో మా ఊళ్ళో ఆగి మాట్లాడతానని ఒప్పుకునేదాకా వదల్లేదు.

శనివారం చర్చి హాలు కిక్కిరిసింది. మగా ఆడా అందరూ మా పద్ధతిలో మర్యాదకు నడుముకు చాపలు చుట్టుకుని, కొబ్బరినూనె రాసుకుని, పండగకు వచ్చినట్టు వచ్చారు. వదిన అందరికంటే ముందు వరసలో, సరిగ్గా తెర ఎదురుగా కూర్చుంది. పక్కన నేను. తెర పక్కన మా ఆయన నిలబడ్డాడు, డాక్టరమ్మ ఇంగ్లీషును మా మాటలో చెప్పడానికి. ఆయన నిద్ర లేచినప్పటి నుంచీ గొంతు సవరించుకుంటూనే ఉన్నాడు. నాకూ కాస్త ఇంగ్లీషు వచ్చు. పెళ్ళికి ముందు రాజధాని నుకుఅలోఫాలో హోటల్లో పని చేశాను. దాన్ని ఆయన పక్కదుప్పట్ల ఇంగ్లీషు అంటాడు.

పాస్టరుగారి ప్రార్థన అయ్యాక, అదీ త్వరగా అవలేదు, డాక్టరమ్మ లేచింది. డెబ్భై దాటిన మనిషి. మోకాళ్ళు వంగవు. మొహం ఎండకు కమిలి చింతతొక్కులా ఉంది. గొంతు మాత్రం వెనక వరస దాకా వినబడింది.

ఏదో పెద్ద పెద్ద మాటలు చెబుతుందనుకున్నాం. ఆవిడ మొదటి బొమ్మ తెర మీద వేసి, వాసువా ఏం తింటుందో ఎవరికైనా తెలుసా అని అడిగింది. నీళ్ళు తాగి బతుకుతుందని ఒకరు, నాచు మేస్తుందని ఒకరు అన్నారు. దాని ఒంట్లోనే తోట ఉంది, కంటికి కనబడనంత చిన్న మొక్కల తోట, అందుకే ఎండకు నోరు తెరుచుకుని కూర్చుంటుంది, ఎండతో ఆ మొక్కలు వండుతాయి, ఇది తింటుంది అంది. హాల్లో మగవాళ్ళు "మాలియే, మాలియే" అని కేకలు వేశారు. మాటలు బాగున్నప్పుడు మేం అలాగే అంటాం. డాక్టరమ్మ మొదట బెదిరింది, ఎవరికైనా ఏమైనా అయిందా అన్నట్టు చూసింది. సంగతి తెలిశాక ఆవిడకు ఇంకా హుషారొచ్చింది. నేను రోజూ చూసే సముద్రాన్నే కొత్తగా చూస్తున్నట్టు అనిపించింది నాకు. వదిన రెప్ప వేయడం లేదు.

తర్వాత డాక్టరమ్మ తన సంగతి ఎత్తుకుంది. వయసులో ఉన్నప్పుడు తనూ వాసువాలు పెంచానంది. ఒక్కోదానికీ బోలెడంత చోటిచ్చి, ఎండ బాగా తగిలేలా దూరదూరంగా పెట్టానంది. ఏళ్ళ తరబడి ఒక్క పిల్లా పుట్టలేదు. నీళ్ళు మంచివి కావేమో అనుకున్నాను, అవి ముసలివేమో అనుకున్నాను, చివరికి నాకే ఈ పని చేతకాదనుకున్నాను అంది. మా ఆయన గొంతు కూడా మెత్తబడింది ఆ మాటలు చెబుతుంటే. వదిన నా చెయ్యి పట్టుకుంది. అంతకు ముందెన్నడూ పట్టుకోలేదు.

"అప్పుడొక సాయంత్రం నా కళ్ళతో చూశాను" అని డాక్టరమ్మ తర్వాతి బొమ్మ వేసింది. నోరు తెరిచిన వాసువా. దాని లోపల్నుంచి తెల్లగా, పొగలా ఎగజిమ్ముతున్నదేదో. అది ఏమిటో ఆవిడ చెప్పింది, దాచుకోకుండా, మా ఊళ్ళో కంద నాటడం గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది.

మా ఆయన నోరు తెరిచాడు, మూశాడు. ఎదురుగా అక్క.

ఊళ్ళో ఉన్న తెలివంతా ఆ పూట ఏమైందో చెప్పలేను. కావా దగ్గరైతే మర్చిపోం. కావా కలిపి అందించే పిల్లకు అన్నదమ్ములెవరైనా ఇక్కడున్నారా అని ముందే అడుగుతారు, ఉంటే వాడు మర్యాదగా లేచిపోతాడు, అప్పుడు గానీ వేళాకోళాలు మొదలవ్వవు. ఈ ఉపన్యాసానికి ఆ మాట అడగాలని ఒక్కరికీ తట్టలేదు. ఆల్చిప్పల కోసం అక్కాతమ్ముళ్ళను విడివిడిగా కూర్చోబెట్టాలని ఎవరనుకుంటారు?

"అది… దగ్గుతోంది" అన్నాడు మా ఆయన.

డాక్టరమ్మకు మా మాట రాదు కదా, తన ధోరణిలో చెప్పుకుపోతోంది. ఒకటి మొదలుపెడితే ఆ వాసనకు పక్కవీ మొదలుపెడతాయంది. ఒకటి దగ్గితే పక్కవాటికీ దగ్గు అంటుకుంటుందని మా ఆయన చెప్పాడు. ముందు మగవిగా ఉంటాయి, పెద్దయ్యాక ఒక్కోటీ మగా ఆడా రెండూ అవుతుందంది. వయసు పెరిగేకొద్దీ దగ్గు ముదురుతుందట, అన్నాడు మా ఆయన. చొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది. వెనక ఆడవాళ్ళు అయ్యో పాపం అనుకుంటున్నారు. నాకు ఇంగ్లీషు అర్థమవుతోంది కనక, నవ్వు ఆపుకోలేక చాప కొస నోట్లో కుక్కుకున్నాను.

"తమ్ముడూ" అంది వదిన. "ఈ దగ్గుకీ పిల్లలు లేకపోడానికీ ఏంటి సంబంధమో ఆవిణ్ణి అడుగు."

మా ఆయన నేల చూపులు చూశాడు. వెనకనుంచి హావేయా అందుకున్నాడు. "ఇంకా అడిగేదేముంది? జబ్బువాటిని పెట్టుకుని కూర్చున్నామన్నమాట. పండగ దాకా కూడా ఆగకూడదు, ముందే కోసేస్తే సరి."

అప్పుడు వదిన మొహం చూశాను. నా నవ్వు చచ్చిపోయింది. ఇంకో గంటలో డాక్టరమ్మ పడవెక్కి వెళ్ళిపోతుంది. ఇన్నేళ్ళు ఎదురుచూసిన జవాబు తెర మీద అంత పెద్ద బొమ్మగా ఉంది. ఈవిడ చేతికి మాత్రం దగ్గు మిగులుతోంది. తమ్ముడికి తనమీద గౌరవం ఉన్నందుకే మిగులుతోంది.

లేచి నిలబడ్డాను. డాక్టరమ్మతో నా పక్కదుప్పట్ల ఇంగ్లీషులోనే చెప్పాను. ఆయన తమ్ముడు, ఈవిడ అక్క, ఈ మాట ఆయన చెప్పకూడదు, ఈవిడ వినకూడదు. ఆవిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, నోటి మీద చెయ్యేసుకుంది. తర్వాత మా ఆయనవైపు తిరిగాను.

"మీరు బయటికెళ్ళండి. నేను చెప్తాను."

"నీకు వచ్చా?" అన్నాడాయన.

"ఇంగ్లీషు సరిగా రాదు. కానీ నాకీ హాల్లో అన్నా లేడు, తమ్ముడూ లేడు. మీ అందరికీ ఉన్నారు."

ఈ ఊళ్ళో నాకు నా అన్నవాళ్ళు లేరని అన్నేళ్ళుగా ఎంతమంది ఎత్తిపొడిచారో. ఆ రోజు మాత్రం అది పనికొచ్చింది. హాలువైపు తిరిగి, కావా దగ్గర అడిగినట్టే అడిగాను. "ఇక్కడ అక్కచెల్లెళ్ళున్న మగవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత ఒకావిడ కిసుక్కుమంది. ఆ దగ్గు ఎలాంటి దగ్గో వరసవరసకీ పాకింది. మగవాళ్ళు తలలొంచుకుని, నడుం చాపలు సర్దుకుంటూ ఒక్కొక్కరే లేచారు. పాస్టరుగారు లేచారు. చెల్లెలు మూడో వరసలో ఉండేసరికి హావేయాకూ లేవక తప్పలేదు. మా ఆయన అందరికంటే ముందే గుమ్మం దాటాడు. అందరూ బయట సీమపనస చెట్టు కింద, కిటికీలకు వీపులు తిప్పి కూర్చున్నారు.

ఆ తర్వాత జరిగిన ఉపన్యాసం మళ్ళీ ఎక్కడా జరిగి ఉండదు. నాకు రాని మాట వస్తే డాక్టరమ్మ చేతులతో చూపించేది, నేను అంతకంటే బాగా చూపించేదాన్ని. ఒక్క వాసువాలోనే మొగుడూ పెళ్ళాం ఉంటారంటే, ఇంట్లో వంట ఎవరు చేస్తారని ఒకావిడ అడిగింది. పోట్లాడుకుంటే ఎవరు అలిగి బయటికి పోతారని ఇంకొకావిడ. నవ్వీ నవ్వీ డాక్టరమ్మ కుర్చీలో కూలబడింది. మళ్ళీ లేచి, మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఒంట్లోనే ఉన్నా ఒంటరిదానికి పిల్లలు పుట్టరని చెప్పింది. తన విత్తు తనకు పనికిరాదు. అది నీళ్ళలో కలిసి పక్కదాని దాకా చేరాలి. దూరంగా ఉంటే దారిలోనే కెరటాలు ఎత్తుకుపోతాయి.

అందరి కళ్ళకూ తెల్ల రాళ్ళ హద్దులు కట్టినట్టు కనబడి ఉంటాయి.

వదిన అడిగింది ఒక్కటే. "నానిసీ, ఆవిణ్ణి అడుగు. మావి గొడ్డువా?"

అడిగాను. డాక్టరమ్మ వంగని మోకాళ్ళను ఎలాగో వంచి, వదిన ఎదురుగా చాప మీద కూర్చుంది. కావంది. పొద్దున పడవలోంచి చూశాను, నిక్షేపంలా ఉన్నాయి, ఒకదాన్నొకటి చేరలేకపోతున్నాయి, అంతే అంది. బారెడు దూరంలో పెట్టమంది. పుట్టినవి గోరంత ఉంటాయి, రాళ్ళ సందుల్లో దాక్కుంటాయి, కంటికి ఆనాలంటే రెండు మూడేళ్ళు ఓపిక పట్టాలంది.

"అంటే నేనే కదా వాటిని విడదీసి పెట్టింది" అంది వదిన.

ఆ మాటకు నా దగ్గరున్న ఇంగ్లీషు చాల్లేదు. ఎలాగో చెప్పాను. డాక్టరమ్మ వదిన చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. నేను నీకంటే ఎక్కువ ఏళ్ళు అదే పని చేశాను, బాగా చూసుకుంటున్నాననుకునే చేశాను, సముద్రం నాకు నేర్పిందంతా నా పొరపాట్లు చూపించే నేర్పింది అంది. వదిన ఏడ్చింది. హాల్లో సగం మంది ఏడ్చారు. నేనూ ఏడ్చాను, నా ఆడపడుచు కోసం, అదే మొదటిసారి.

డాక్టరమ్మ పడవ వెళ్ళిపోయింది. అసలు చిక్కు అక్కడే మొదలైంది. రెండు మూడేళ్ళు ఆగాలంటే పండగలో కోయకూడదు. ఆ సాయంత్రం ప్రతి ఇంట్లోనూ పెళ్ళాలు మొగుళ్ళకు ఉపన్యాసం వినిపించారు. నేనూ మా ఆయనకు పూసగుచ్చినట్టు చెప్పాను. అంతా విని, చెవులు ఎర్రబడి, కమిటీ తీర్మానం కమిటీ తీర్మానమే అన్నాడు. మిగతా ఇళ్ళలోనూ అదే. పెళ్ళాం మాటకు మగవాడి దగ్గర ఎప్పుడూ ఒక జవాబుంటుంది. హావేయా అయితే సోమవారానికి మాటలన్నీ సిద్ధం చేసి పెట్టుకున్నాడని, ఇన్నేళ్ళలో పిల్లలు పెట్టనివి ఇప్పుడు పెడతాయా అని అందరిముందూ నిలదీస్తాడని ఆయన పెళ్ళామే చెప్పింది.

ఆదివారం చర్చి అయ్యాక వదిన ఇల్లిల్లూ తిరిగింది. మా ఇంటికి రాలేదు. నాకు అది కాస్త గుచ్చుకుంది. వదినకు ఆ రోజు కావలసింది కోడళ్ళు కాదని సోమవారం గానీ నాకు తెలియలేదు.

ఫోనోలో మామూలుగా మగవాళ్ళు ముందు, ఆడవాళ్ళు వెనక. ఆ రోజు ఆడవాళ్ళు ముందే వచ్చి ముందు చాపలన్నీ ఆక్రమించారు. ఎవరికి వారు వెతుక్కుని తమ అన్నకో తమ్ముడికో సరిగ్గా ఎదురుగా కూర్చున్నారు. హావేయా చెల్లెలు హావేయాకు ఎంత దగ్గరగా కూర్చుందంటే, ఆయన కాళ్ళు ముడుచుకోవలసి వచ్చింది.

వదిన లేచింది. "వాసువాల్ని కొయ్యొద్దు. బారెడు దూరంలో పెట్టాలి అన్నిట్నీ. మూడేళ్ళు ముట్టుకోకూడదు." చెప్పి కూర్చుంది. ఎందుకో చెప్పలేదు.

హావేయా లేచాడు. "అది కాదు, ఇన్నేళ్ళుగా అవి…" అని ఆగాడు. చెల్లెలు తలెత్తి అన్నగారి మొహంలోకి చూస్తోంది. "అసలు అవి ఏనాడైనా…" మళ్ళీ ఆగాడు. ఆయన సిద్ధం చేసుకున్న వాదమంతా పుట్టుకల గురించే. అవి ఎలా పుడతాయో ఊరంతటికీ తెలిశాక, అందులో ఒక్క ముక్క కూడా చెల్లెలి ముందు నోట్లోంచి రాదు. కమిటీలో వాళ్ళవైపు చూశాడు. వాళ్ళు పైకప్పు చూస్తున్నారు. దగ్గి, కూర్చున్నాడు.

నేను మా ఆయన్నే చూస్తున్నాను. కమిటీ తరఫున మాట్లాడవలసింది ఆయనే. లేచాడు. అక్కవైపు చూడలేదు.

"మా అక్క చెప్పింది" అన్నాడు. "నేను ఎందుకని అడగను. మీలో ఎవరికైనా అడగాలనుంటే మీ అక్కచెల్లెళ్ళను అడగండి."

ఎవరూ అడగలేదు.

విందుకు పందులూ చేపలూ సరిపోయాయి. వచ్చినవాళ్ళు నడవలేనంతగా తిని వెళ్ళారు. వాసువాలను మగవాళ్ళే జరిపారు. మా ఆయన బడి లేని రోజల్లా నీళ్ళలోనే గడిపాడు. చేతులు గీరుకుపోయి సుద్దముక్క పట్టుకోలేకపోయేవాడు. వదిన పడవలో కూర్చుని, ఇటు, ఇంకాస్త ఇటు అని చేత్తో చూపించేది. పట్టాలు ఇచ్చిన ఊరు పోయి, వాసువాలన్నీ ఒక గుంపుగా చేరాయి.

డిసెంబరు ఆఖర్లో, పున్నమి వెళ్ళిన మర్నాడు, పొద్దు వాలుతుండగా వదిన మా గుమ్మంలోకి వచ్చింది. "నానిసీ, రా. విలిసోనిని పడవ తియ్యమను." ఆయాసంతో అంతకంటే చెప్పలేకపోయింది.

ముగ్గురం వెళ్ళాం. గాలి లేదు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. గుంపు మీదికి చేరగానే వదిన నా భుజం నొక్కింది. కింద ఒక వాసువా మూత విప్పి, గట్టిగా ముడుచుకుని, తెల్లగా చిమ్మింది. అది పొగలా పాకి పక్కదాన్ని తాకింది. పక్కదీ చిమ్మింది. తర్వాత ఇంకొకటి. చూస్తుండగానే పడవ కింద నీళ్ళన్నీ పాలు కలిసినట్టయ్యాయి. వదిన నోటి మీద చెయ్యి పెట్టుకుని, పడవ అంచు మీదికి వాలిపోయి చూస్తోంది. కన్నీళ్ళు ముక్కు కొస నుంచి నీళ్ళలో పడుతున్నాయి, తుడుచుకోవడం లేదు.

మా ఆయనను కూడా చూడమందామని వెనక్కి తిరిగాను. ఆయన ఎప్పుడు తిరిగాడో తిరిగి, మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. తెడ్డు లోతుగా పోటెట్టి, పడవ అంగుళం కదలకుండా నిలిపి, కొండవైపు చూస్తున్నాడు. వాటిని అక్కడికి చేర్చింది ఆయన చేతులే.

"తమ్ముడూ" అంది వదిన, నీళ్ళమీంచి కళ్ళు తియ్యకుండానే. "ఇంకాసేపు ఆపగలవా?"

"నీకెంతసేపు కావాలంటే అంతసేపు, అక్కా" అన్నాడాయన కొండతో.